మాత్ర ముందా, కలవరం ముందా

మా ఆసుపత్రిలో నన్ను లెక్కలమ్మ అంటారు. మెట్ల కింద గది నాది. కిటికీ ఒకటి ఉంది గానీ అది బట్టలు ఉతికే షెడ్డు వైపు ఉంటుంది. తెరిస్తే ఆవిరి, మూస్తే ఉక్క. రోజులో ఎవరో ఒకరు తలుపు దగ్గర నిలబడి "ఒక్క అంకె కావాలమ్మా" అంటూనే ఉంటారు. ఒక్క అంకె అని వచ్చినవాళ్ళు ఒక్క అంకెతో ఏనాడూ వెళ్ళలేదు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. విసుక్కోవడానికి కూడా ఇప్పుడు ఓపిక ఉండటం లేదు.

ముసలివాళ్ళ వార్డులో డ్రాయింగు మాస్టారు ఒకాయన రాత్రి మంచం దిగబోయి పడ్డారు. తుంటి విరిగింది. ఆపైన ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయారు. ఆ వార్డులో అంతకు ముందు పడ్డవాళ్ళూ ఉన్నారు గానీ వాళ్ళు కట్లు కట్టించుకుని ఇళ్ళకు వెళ్ళారు. మాస్టారి కూతురు గొడవేమీ చేయలేదు. సూపరింటెండెంటు గది ముందు బెంచీ మీద కూర్చుని, "మా నాన్న ఎందుకు పడ్డాడో చెప్పండి, వెళ్ళిపోతాను," అంది. మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చుంది. అరిచి రభస చేసేవాళ్ళని ఎలా పంపించాలో మావాళ్ళకి బాగా వచ్చు. ఊరికే కూర్చున్న మనిషిని ఏం చేయాలో పాలుపోక ఒక కమిటీ వేశారు. ఏది దేనివల్ల జరుగుతోందో చూపించే బొమ్మ ఒకటి గీసి ఇమ్మని కమిటీ అడిగింది. గీయాల్సింది నేను.

చిక్కేమిటంటే, ఆ వార్డులో రాత్రి డ్యూటీ పెద్ద నర్సు మా వదిన.

ఈ మాట నేనే వెళ్ళి సూపరింటెండెంటుతో చెప్పాను. "ఇది నాకొద్దు సార్. ఆవిడ మా అన్నయ్య భార్య. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం," అన్నాను. "మీరు కాకపోతే ఎవరు చేస్తారమ్మా, మెట్ల కింద ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడాయన. ఇంకెవరూ లేని మాట నిజమే. తల ఊపి వచ్చేశాను.

మా అన్నయ్య పోయాక వదిన పుట్టింటికి వెళ్ళలేదు, నేను నా పెళ్ళి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు. రెండు గదుల వాటాలో ఇద్దరం సర్దుకుపోయాం. నేను పొద్దున్న బయల్దేరే వేళకి ఆవిడ డ్యూటీ దిగి వస్తుంది. "ఆడపడుచన్నాక ఎప్పుడో ఓసారి వచ్చి నాలుగు వంకలు పెట్టి పోవాలి గానీ, ఇలా తిష్ఠ వేస్తే ఎలాగే," అనేది. "నేను వంకలు పెట్టడం మొదలెడితే నువ్వు నిలబడగలవా," అనేదాన్ని. ఈమధ్య ఆ పరిహాసాలు కూడా తగ్గిపోయాయి. మెట్లెక్కి వచ్చాక బూట్లు విప్పుకోవడానికే ఆవిడకి చేతకావడం లేదు. వాచిన కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోతుంది.

ఆ వార్డులో రాత్రిపూట కొంతమందికి కలవరం పుడుతుంది. ఉన్నట్టుండి లేచి కూర్చుంటారు, ఇంటికి పోతానంటారు, ఎప్పుడో పోయిన భార్యని కేకేసి పిలుస్తారు. అలాంటివాళ్ళకి ఒక నిద్రమాత్ర ఉంది. ప్రతి రోగి కాగితం మీదా డాక్టరు ఆ మాత్ర పేరు రాసి, పక్కన 'అవసరమైతే' అని చేర్చి తన దారిన తాను వెళ్ళిపోతాడు. అవసరం పడిందా లేదా అని తేల్చుకోవలసింది రాత్రి ఉన్న నర్సు. అవసరం లేకుండా ఇచ్చిందని రుజువైతే ఉద్యోగం పోవడంతో ఆగదు, నర్సుల పట్టీలోంచి పేరే కొట్టేస్తారు. మా వదిన జీవితంలో నర్సు తప్ప ఇంకేమీ కాలేదు. అదీ పోతే ఆవిడకి మిగిలేది నేనొక్కదాన్ని.

ఇక నా పని సంగతి. నేను గీసేదాన్ని బేసియన్ నెట్‌వర్క్ అంటారు. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు, సున్నాలూ వాటి మధ్య బాణాలూ, అంతే. ఒక్కో సున్నా ఒక్కో అంశం. ఆ రాత్రి ఎంతమంది నర్సులున్నారు, మాత్ర ఇచ్చారా, కలవరం పుట్టిందా, నేల తడిగా ఉందా, మనిషి పడ్డాడా, ఇలాంటివి. ఒక మంచం మీద ఒక రాత్రి గడిస్తే నాకు ఒక లైను. అలాంటి లైన్లు వేలకు వేలు కంప్యూటర్లో పోస్తే, ఏ అంశం ఏ అంశాన్ని లాగుతోందో అది బాణాలు వేసి చూపిస్తుంది. కాకపోతే ముందు నేను ఆ అంశాలన్నిటినీ క్యూలో నిలబెట్టాలి. క్యూలో ముందున్నది వెనకదానికి కారణం కావచ్చు గానీ, వెనకున్నది ముందుదానికి కారణం కాలేదు. క్యూ లేకుండా వదిలేస్తే, రాగల బొమ్మలన్నీ వెతకడానికి కంప్యూటరుకీ నాకూ కలిపి కూడా ఆయుష్షు చాలదు.

ఏది ముందో ఏది తర్వాతో ఆ పని చేసేవాళ్ళే చెప్పాలి. అందుకని ఆసుపత్రంతా తిరిగాను.

మందుల గది ఆయన అద్దం వెనక నుంచే, "వాళ్ళు అడిగితేనే కదమ్మా మేమిచ్చేది. నన్ను ఆఖర్న వేసుకోండి," అన్నాడు. వార్డు డాక్టరు నడుస్తూనే మాట్లాడాడు. "రోగి పరిస్థితి ముందు, నేను రాసేది తర్వాత. ఇది కూడా అడగాలా అండీ," అని లిఫ్టు ఎక్కేశాడు. శుభ్రం పనులు చూసే సూపర్‌వైజరుని తడి నేల గురించి అడిగితే ఒంటికాలి మీద లేచాడు. "పడేటప్పుడు జగ్గు మీద చెయ్యి వేస్తారు, జగ్గు దొర్లుతుంది. పడ్డాక తడి గానీ, తడి వల్ల పడటం కాదు. కావాలంటే రాసిస్తాను," అన్నాడు. రోగుల చేత నడక అలవాటు చేయించే ఆయన మాత్రం కాసేపు గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. ఆలోచించి ఆయనా ఆఖరికే వెళ్ళి నిలబడ్డాడు.

టిక్కెట్ల కిటికీ దగ్గర ఒకర్నొకరు తోసుకుని ముందుకి దూరే జనం, ఈ క్యూలో మాత్రం "మీరు పదండి, మీరు పదండి" అని మర్యాదలు చేసుకున్నారు. ముందు నిలబడితే వెనక జరిగినదానికి జవాబు చెప్పాలి మరి. మొదట నాకు నవ్వొచ్చింది. సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోయింది.

వాళ్ళ మాటలు పక్కన పెట్టి నేనే రకరకాల క్యూలు కట్టి చూశాను. తడి నేల నుంచి ఎటూ బాణం పోలేదు, సూపర్‌వైజరు బతికిపోయాడు. వయసు నుంచీ పోలేదు, ఆ వార్డులో ఉన్నవాళ్ళందరూ ముసలివాళ్ళే కదా. చివరికి నాలుగు మిగిలాయి. నర్సులు తక్కువున్న రాత్రి మాత్రలు ఎక్కువ. మాత్ర ఇచ్చిన మంచంలో కలవరం ఎక్కువ. కలవరం ఉన్నచోట పడటం ఎక్కువ. ఈ గొలుసులో అనుమానం లేదు. దాన్ని ఏ కొస నుంచి చదవాలన్నదే తేలలేదు. బొమ్మ నా లైన్లకి ఎంత బాగా అతికితే కంప్యూటరు అన్ని మార్కులు వేస్తుంది. నర్సుల సంఖ్యని ముందు పెట్టి గీసిన బొమ్మకి కంప్యూటరు ఎన్ని మార్కులు వేసిందో, కలవరాన్ని ముందు పెట్టి గీసినదానికీ అన్నే వేసింది. గంటలు రాసి ఉంటే తేలేది. కానీ నర్సులు ఆ రాత్రి సంగతంతా డ్యూటీ దిగేముందు ఒక్కసారే ఎక్కిస్తారు. మాత్ర ఇచ్చారని ఉంటుంది, కలవరం పుట్టిందని ఉంటుంది. ఏది ముందో ఉండదు.

మార్కులు సమానమైతే కంప్యూటరు చేతులెత్తేస్తుంది, ఇక మనిషి తేల్చుకోవాలి. నేను కలవరాన్ని ముందు పెట్టాను. నర్సు మాత్ర ఎందుకిస్తుంది, రోగి కలవరపడ్డాడు కాబట్టి. ఎవర్నడిగినా ఇదే చెబుతారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వదినని తలుచుకోకుండా పెట్టానని మాత్రం అనలేను.

సూపరింటెండెంటు ఎన్నడూ లేనిది నా గదికి వచ్చాడు. మెట్లు తలకి తగలకుండా వంగి లోపలికి వచ్చి, రెండు బొమ్మలనీ పక్కపక్కన పెట్టించుకుని చూశాడు. కలవరం ముందున్న బొమ్మ మీద వేలు పెట్టాడు.

"ఇది బాగుందమ్మా. ముసలితనంలో కలవరం సహజం. కలవరపడ్డారు కాబట్టి పడ్డారు. కలవరపడ్డారు కాబట్టే మాత్ర. మాత్రతో వార్డు నెమ్మదించింది కాబట్టి నర్సులు కాస్త తక్కువైనా సరిపోయారు. ఇందులో ఎవరి తప్పూ కనపడటం లేదు."

"నర్సుల సంఖ్య ముందు పెట్టినా ఇవే మార్కులు వస్తాయి సార్."

"అప్పుడు కలవరం కంటే మాత్ర ముందుకి వస్తుందని మీరే అన్నారు కదా."

అన్నాను. ఆయన తెలివైనవాడు, ఒక్కసారి విన్నది మర్చిపోడు. నర్సుల్ని ముందుకి తెచ్చి, కలవరాన్ని మాత్ర కంటే ముందే ఉంచితే, బొమ్మలో అక్కర్లేని బాణం ఒకటి అదనంగా పుట్టి మార్కులు పడిపోతాయి. ఆసుపత్రి మీదకి వేలు చూపించాలంటే మా వదిన మీదుగానే చూపించాలి.

"మాత్ర ముందంటే మీ వదినగారు ఊరికే ఇచ్చినట్టు," అన్నాడు మెల్లగా. "ఆవిడ పేరు పట్టీలో ఉండదు. నాకది ఇష్టం లేదు. మీకూ ఉండదు. గురువారం మీటింగు. ఇదే తీసుకురండి, అందరం బయటపడతాం."

బెదిరించాడని అనను. ఆయన గొంతులో నిజంగానే నా మీద జాలి ఉంది, దానికే నాకు ఒళ్ళు మండింది. అయినా "సరే సార్" అన్నాను. ఆయన వెళ్ళాక ఇంక పని చేయబుద్ధి కాలేదు. కంప్యూటరు కట్టేసి ఇంటికి బయల్దేరాను.

వేళకాని వేళ నన్ను చూసి వదిన టీగిన్నె దించుతూ ఆగింది. అప్పుడే నిద్ర లేచినట్టుంది, బుగ్గ మీద దిండు ముడతలు ఇంకా పోలేదు.

"ఏమిటే, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. బొమ్మ అయిపోయింది వదినా. నీ జోలికి ఎవరూ రారు."

టీ తాగుతూ అంతా చెప్పాను. సూపరింటెండెంటు మాటలు ఆయన గొంతుతోనే అనుకరించి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"కలవరం ముందని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి, తెలిసిందేగా."

"ఆసుపత్రంతా తిరిగావట. నేల తుడిపించేవాణ్ణి కూడా అడిగావట. ఇంట్లో ఉన్నదాన్ని నన్నెందుకు అడగలేదు?"

అడగకపోవడానికి కారణం ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. చల్లారిపోతున్న టీ వంక చూస్తూ కూర్చున్నాను.

"మాత్ర ముందు పెట్టు," అంది వదిన.

"వదినా."

"విను. ఆ వార్డులో నలభై మంచాలు. రాత్రిళ్ళు నలుగురం ఉండేవాళ్ళం. ముగ్గురమయ్యాక పరుగులు పెట్టాను. ఇద్దరమయ్యాక ఇక నావల్ల కాలేదు. అప్పుడప్పుడు పక్క వార్డు నుంచి ఒకర్ని అరువిస్తారు, ఆ రాత్రి కాస్త ఊపిరాడుతుంది. మిగతా రాత్రిళ్ళు ఒకళ్ళు లేచి తిరుగుతుంటే వాళ్ళ వెనక నేను, ఇంకొకళ్ళ దగ్గర నాతో ఉండే చిన్న నర్సు. మిగిలినవాళ్ళకి దిక్కెవరు? అందుకని ఎవరు లేస్తారనిపిస్తే వాళ్ళకి భోజనం కాగానే ఇచ్చేసేదాన్ని. కలవరం పుట్టాక కాదు, పుట్టకముందే."

"నీకు మాత్రం ఏం తెలుసు అప్పుడు..."

"మాస్టారికీ ఇచ్చాను. ఆయన అంతకుముందు ఒక్క రాత్రి కూడా కలవరపడలేదే. పగలంతా దుప్పటి మీద వేలితో ఏవో బొమ్మలు గీసుకుంటూ, పిలిస్తే చక్కగా పలికేవాడు. కొత్తగా వచ్చాడు కదా, లేస్తాడేమోనని ఇచ్చాను. అది వేసుకున్నాకే మాట తడబడింది. బడికి టైమైపోతోందని కాలు కింద పెట్టాడు. నేను వార్డు అటు చివర ఉన్నాను."

"ఇది చెబితే ఏమవుతుందో తెలుసా నీకు?" అన్నాను.

"నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఎల్లుండి మళ్ళీ డ్యూటీ, మళ్ళీ ఇద్దరమే. మళ్ళీ ఇస్తాను, ముందే చెబుతున్నాను. నువ్వు కలవరం ముందని గీసిపెడితే రిటైరయ్యేదాకా ఇస్తూనే ఉంటాను. ఇంకొకళ్ళు పడితే వాళ్ళ పిల్లల మొహం చూసే ఓపిక నాకు లేదు. అలిసిపోయానే."

"మరి నర్సుల సంఖ్య?"

"అది అన్నిటికంటే ముందు. మనుషుల్ని తీసేశాకే నేను మాత్ర పట్టుకున్నాను. వార్డు నెమ్మదిగా ఉందని చూసి అరువివ్వడం కూడా తగ్గించారు, అదీ నిజమే. కానీ మొదలు మాత్రం అక్కడే."

బాణాలు చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి రాకూడదన్నది మా బొమ్మలకున్న నియమం, ఎక్కడో ఒకచోట మొదలుండాలి. ఆ మొదలు ఎక్కడో వదిన చెప్పేసింది. నాకు ఏడుపు ఆగలేదు. కోపం కూడా వచ్చింది. తప్పించుకునే దారి ఒకటి దొరికిందని పరిగెత్తుకొస్తే, ఆ దారికి తనే అడ్డం నిలబడింది.

వదిన నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. "ఇన్నేళ్ళకి ఆడపడుచుని ఏడిపించగలిగాను. వదినగా నా జన్మ ధన్యం," అంది. తర్వాత కాగితం తీసుకుని, నాకు చెప్పిందంతా రాసి సంతకం పెట్టింది. చదివి చూడమని ఇస్తే నేను చదవలేదు.

గురువారం మీటింగు గదిలో పొడుగు బల్లకి అటువైపు సూపరింటెండెంటూ, వార్డు డాక్టరూ, ఆసుపత్రి లాయరూ కూర్చున్నారు. ఇటువైపు నేనొక్కదాన్నే. నర్సుల సంఖ్య, మాత్ర, కలవరం, పడటం అని ఆ వరసలో గీసిన బొమ్మ బల్ల మీద పెట్టాను. సూపరింటెండెంటు దాన్ని చూసి నా వంక చూశాడు. ఆశ్చర్యపోయినట్టు లేదు, నొచ్చుకున్నట్టు ఉంది.

లాయరు ఆడమనిషి, మాట సూటిగా ఉంటుంది. "రెండు బొమ్మలకీ మార్కులు సమానమని రాశారు. మరి ఇదే సరైనదని ఎలా చెబుతున్నారు?"

"మాత్ర ఇచ్చిన మనిషి చెప్పింది," అని వదిన కాగితం ఆమె ముందుకి జరిపాను. ముగ్గురూ చదివారు. వార్డు డాక్టరు రెండోసారి కూడా చదివాడు, అందులో తన పేరేమైనా ఉందేమోనని కాబోలు.

"సరే. ఆవిడే ఒప్పుకుంది కాబట్టి కలవరం కంటే మాత్ర ముందు. దీనికి సాక్ష్యం ఉంది," అంది లాయరు. "నర్సుల సంఖ్య మాత్ర కంటే ముందని ఎవరు ఒప్పుకున్నారు?"

చెయ్యి చాపి కాగితం అడుగున వేలు పెట్టాను.

"ఆ కాగితంలోనే ఉందండీ, కింద," అన్నాను.

"తను చేసిన పని గురించి ఆవిడ చెప్పచ్చు. మనుషుల్ని వేయడం, తీయడం ఆవిడ పని కాదు కదా. ఆ పని ఎవరిది?"

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "వార్డు అవసరాన్ని బట్టి మనుషుల్ని వేస్తామండీ. అవసరం ముందు, వేయడం తర్వాత. వార్డు నెమ్మదిగా ఉన్న రాత్రి పక్క వార్డు నుంచి అరువివ్వం. అంతే."

నలుగురు నర్సులున్న రోజుల లెక్కలు తీయండి అన్నాను. అప్పట్లో ఆ వార్డుకి కంప్యూటరే లేదన్నాడు వార్డు డాక్టరు. ఆ మాట నిజమే, నా దగ్గరున్న లైన్లన్నీ ఇద్దరయ్యాక మొదలైనవే. గొంతు పెంచి ఇంకేదో అన్నాను, ఏమన్నానో నాకే సరిగా గుర్తులేదు. లాయరు నేను చెప్పేదంతా అయ్యేదాకా ఆగి ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"నర్సుల సంఖ్యని ఆఖర్న పెడితే మీ మార్కులు తగ్గుతాయా?"

"తగ్గవు."

"మరింకేం."

నేను గీయనన్నాను. వార్డు డాక్టరు నేను వెంట తెచ్చుకున్న కంప్యూటరు తన వైపు తిప్పుకుని, "వరస మార్చడమేగా," అంటూ తనే మార్చాడు. క్షణంలో కొత్త బొమ్మ వచ్చింది. మాత్ర అన్నిటికంటే పైన ఉంది. దాని నుంచి కలవరానికి ఒక బాణం, అక్కడి నుంచి పడటానికి ఒకటి, పక్కగా నర్సుల సంఖ్యకి ఒకటి. మాత్రలోకి మాత్రం ఎక్కడి నుంచీ బాణం లేదు. ఎవరికో తోచక ఇచ్చినట్టుంది చూడటానికి. అందరూ ఆఖర్న నిలబడతామన్న క్యూలో, ముందుకొచ్చిన ఒక్క మనిషినీ అలా ఒంటరిగా నిలబెట్టేశారు.

బయట బెంచీ మీద కూర్చున్న మాస్టారి కూతురికి ఆ బొమ్మ అచ్చు తీసి ఇచ్చారు. ఆమె చాలాసేపు చూసి, అటుగా పోతున్న నన్ను ఆపింది. "మాత్ర ఎందుకిచ్చారండీ మరి?" అంది. "రాత్రి ఇద్దరే ఉన్నారమ్మా," అన్నాను. "ఇందులో అలా లేదే," అంది. లేదని ఒప్పుకున్నాను. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. కారణం చెబితే వెళ్ళిపోతానంది కదా, మాట ప్రకారం వెళ్ళిపోయింది.

నేను ఇంటికి చేరేసరికి వదిన వంటగది గట్టు తుడుస్తోంది. సస్పెన్షన్ కబురు నాకంటే ముందే ఫోనులో చేరినట్టుంది. పట్టీలో పేరు సంగతి వచ్చే నెల తేలుస్తారట. ఆవిడ మొహంలో దాని గురించి ఏమీ కనపడలేదు.

"నర్సుల సంఖ్య ముందు పెట్టనిచ్చారా?" అంది.

"లేదు. అదెవరూ ఒప్పుకోలేదు. నీ మాత్ర ఒక్కటే మొదలైంది."

"ఊఁ," అంది. గుడ్డ పిండి ఆరేసింది. "మాత్ర ఆపేశారా?"

"ఆపేశారు. ఇవాళ్టి నుంచి ఆ మాత్ర వార్డులోకే రాకూడదని ఆర్డరు వేశారు." అదొక్కటన్నా మంచి జరిగిందని చెప్పబోయాను.

"రాత్రికి నా బదులు ఎవర్ని వేశారు?"

ఆ సంగతి నేను అడగలేదు. ఆసుపత్రిలో తెలిసినావిడకి ఫోను చేసి కనుక్కున్నాను. ఎవర్నీ వేయలేదు. చిన్న నర్సు ఒక్కతే ఉంటుంది, వీలైతే పక్క వార్డు నుంచి ఎవరో వచ్చి తొంగిచూస్తారు.

వదిన కుర్చీలో కూర్చుంది.

"అయితే కట్టేస్తుంది," అంది. "ఏం చేస్తుంది పాపం, ఒక్కతే. లేస్తారనిపించిన వాళ్ళ చేతులు మంచం కమ్మీకి కట్టేస్తుంది. మెత్తటి గుడ్డతోనే కడుతుందిలే, మంచి పిల్ల."

అప్పుడు నాకు అర్థమైంది. కట్టేసినవాళ్ళు పడరు. వచ్చే నెల పడేవాళ్ళు తగ్గిపోతారు. ఆ అంకె కావాలని నా తలుపు దగ్గరికే వస్తారు. మాత్ర ఆపారు, పడటం ఆగింది అని బాణం తిన్నగా కనపడుతుంది. దాన్ని గీసి సంతకం పెట్టేది నేనే. నా లైన్లలో కట్టడం అనే అంశమే లేదు.

"చేరుస్తాను వదినా," అన్నాను. "రేపే చేరుస్తాను. ఏ మంచంలో ఎవర్ని కట్టారో రోజూ ఎక్కించమంటాను."

వదిన నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, అలసట ఒక్కటే ఉంది.

"కట్టామని ఎవరు రాస్తారే," అంది.